అచ్చియ్యమ్మ కువి మాట

చెరకు నరకడానికి కొండ దిగివచ్చిన అచ్చియ్యమ్మ, చోడవరంలో బంగార్రాజుని మనువాడి అత్త మంగాయమ్మ నోట్లో పడింది. అబ్బో, ఏం నోరది! కోడలు తన కువి భాషలో ఒక్క ముక్క మాట్లాడితే చాలు, "ఆ అడివి కూతలు నా గుమ్మంలో కూసేవంటే మూతి కాల్చేత్తాను" అని అట్లకాడ ఎత్తేది. ఒకనాడు పసివాడికి జోల పాడుతుంటే అన్నంత పనీ చేసింది. ఆ మచ్చ పెదవి కింద ఇప్పటికీ ఉంది. మొగుడు చూస్తూ బీడీ కాల్చుకున్నాడు, సన్నాసి!

అత్తా మొగుడూ ఇద్దరూ ఎప్పుడో పోయారు. అచ్చియ్యమ్మ కొడుకు గౌరీశంకర్ పెట్టే ముద్ద తిని బతుకుతోంది. కువిలో పలకరించే అక్క కూడా మొన్న చలికాలంలో కన్నుమూసింది. ఇక తన మాట తనతోనే మట్టిలో కలిసిపోతుందని ఆమెకు ఒకటే బెంగ.

అప్పుడొచ్చాడు ఉదయ్‌కుమార్, దేశంలోని భాషలన్నీ రికార్డు చేస్తున్నామంటూ. తల్లిది కొండ ఊరని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని గౌరీశంకర్, పేపర్లో ఫోటో వేస్తారనగానే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పక్కన కూర్చున్నాడు.

"సిగ్గుపడకే అమ్మా, ఏదోటి సెప్పు."

సిగ్గట! అచ్చియ్యమ్మకు ఒళ్లు మండిపోయింది. ఎవడికి తెలుస్తుందిలే అన్న ధీమాతో కువిలో అందర్నీ కడిగి పారేసింది. కొడుకు అదేదో పాతకథ అనుకుని తలాడించాడు.

"ఇప్పుడు ఒక్కో వాక్యం వినిపిస్తాను మామ్మగారూ. తెలుగులో అర్థం చెప్పండి. అర్థం లేకపోతే ఈ రికార్డు ఎందుకూ పనికిరాదు" అన్నాడు ఉదయ్‌కుమార్.

అచ్చియ్యమ్మ ఇరుక్కుపోయింది. చెబితే కొడుకు గెంటేస్తాడు. చెప్పకపోతే తన మాట పోయినట్టే.

మొదటి వాక్యం మోగింది. అచ్చియ్యమ్మ గొంతు సవరించుకుంది.

"మంగాయమ్మా, నీ సెయ్యి పురుగులు పట్టిపోను. నా కొడుక్కి నేను జోల పాడితే నీకేటే నొప్పి?"

"ఆపవే అమ్మా! మా నాన్నమ్మనేటి, అంత మాటంటావు?"

"బుర్ర ఊపేవు కదరా, ఇనుకో."

రెండోది మోగింది.

"బంగార్రాజూ, పెళ్లాం మూతి కాలుతుంటే సూస్తా నిల్సున్నావు. నువ్వూ ఓ మగోడివేనా?"

గౌరీశంకర్ కుర్చీ తన్ని లేచాడు. "రేపట్నుంచి ఈ ఇంట్లో నీకు కూడు లేదు. లెగు, లెగు ఇక్కణ్నించి!"

అచ్చియ్యమ్మ లేవలేదు. మూడోది కూడా పెట్టమని ఉదయ్‌కుమార్‌కి చేత్తో సైగ చేసింది.

"కూకో బాబూ," అంది కొడుకుతో. "నీ వంతు ఇప్పుడొస్తాది."