నా కూతురిని తెల్లవారుజాము గండం దాటించిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, నాకు చదువు రాదు, నేను చెబుతుంటే మా పంతులుగారు రాస్తున్నారు, తప్పులుంటే మన్నించండి. నా పేరు మరియమ్మ, కొవ్వూరు దగ్గర పల్లెలో కూలి చేసుకొని బ్రతికేదాన్ని. నా పెనిమిటి కాలువ పనులకు పోయి నెలకోసారి వచ్చేవాడు.

నా మొదటి బిడ్డ మూడేళ్లవాడు, ఒకనాడు చీకటి పడేదాకా ఆడుకొని, అలసిపోయి, అన్నం తినకుండానే నిద్రపోయి, తెల్లవారేసరికి నా పక్కలోనే చల్లబడిపోయాడు. ఎందుకు పోయాడో ఎవరూ చెప్పలేకపోయారు. తరువాత రూతు పుట్టింది. దానికి నాలుగో ఏడు రాగానే, ఒక తెల్లవారుజామున చూస్తే ఒళ్లంతా చెమట, కళ్లు తేలిపోయాయి, పిలిస్తే పలుకు లేదు. పొద్దెక్కాక ఎలాగో తేరుకుంది గానీ, ఆ తరువాత నెలకు రెండుసార్లు అదే వరస. అయ్యో, ఆ రోజుల్లో కన్ను మూయడానికే భయపడ్డాను!

మా అత్త అప్పటికి ప్రభువును ఎరగదు. "దీనికి గాలి సోకిందే, మొదటివాణ్ణి పట్టుకుపోయిందీ అదే" అని భూతవైద్యుణ్ణి పిలిపించింది. అతడు తాయెత్తు కట్టి, మూడు దినాలు పొద్దుగూకాక పిల్లకు మెతుకు పెట్టవద్దన్నాడు. బాప్తిస్మము పొందినదాన్నై ఉండీ నేను ఒప్పుకున్నాను, ఈ మాట మీ దగ్గర దాచను. రెండో రాత్రి గడిచేసరికి పిల్ల కొయ్యలా బిగుసుకుపోయింది. "ప్రభువా, నా తప్పుకు దీన్ని శిక్షించకు, ఏం చేయాలో నాకు తెలియదు, నువ్వే నడిపించు" అని ఏడ్చి, తాయెత్తు తెంపి, పిల్లను భుజాన వేసుకొని, రాజమండ్రి ఆసుపత్రికని రేవుకు పరుగెత్తాను.

రేవులో బెల్లం తీసుకుపోయే పడవ ఒక్కటే ఉంది. అందులో ఉన్న ముసలమ్మ ఒకావిడ, "పిల్ల నోరు పిడచకట్టుకుపోయిందమ్మా, పెదాలకు కాస్త బెల్లం రాయి" అని చిన్న ముక్క ఇచ్చింది. దాన్ని తడిపి, పెదవుల లోపల కొద్దికొద్దిగా రాస్తూ కూర్చున్నాను. పడవ నడిగోదావరికి వచ్చేసరికి నా రూతు కళ్లు తెరిచి, "అమ్మా, ఆకలేస్తోందే" అంది! దేవునికే మహిమ!

ఆసుపత్రిలో డాక్టరమ్మగారు అంతా ఓపికగా విని, "ఇది దయ్యం కాదు మరియమ్మా. కొందరు పిల్లలకు తిన్న బలం తెల్లారేదాకా నిలవదు. పస్తు పెడితే ప్రాణానికే ముప్పు. పడుకునే ముందు కడుపునిండా పెట్టు, నడిరేయి లేపి బెల్లం వేసిన గంజి పట్టు. పెద్దదైతే తగ్గుతుందని నా ఆశ" అన్నారు.

గంజి కాయడం సుళువే, లేవడమే కష్టం. పగలంతా ఊడ్పులు ఊడ్చి వచ్చినదానికి ఒళ్లు తెలుస్తుందా? "తండ్రీ, నన్ను లేపు" అని రోజూ అడిగి పడుకునేదాన్ని. చాలా రాత్రులు లేచాను. ఒక రాత్రి మాత్రం లేవలేదు. ఉలిక్కిపడి చూస్తే కోళ్లు కూస్తున్నాయి, పిల్ల కోసం పక్క తడిమాను! తీరా చూద్దును గదా, మా అత్త పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకొని ఉంది, పక్కన ముంతలో గంజి అయిపోయి ఉంది.

"నువ్వు పడుకోవే. ముసలిదాన్ని, నాకు నిద్దరెక్కడిది? రాత్రి గంజి ఇక నేను పడతాలే" అంది.

నన్ను లేపమని అడిగితే ఆయన మా అత్తను లేపాడు! అయిదేళ్లు ఆవిడ ఒక్క రాత్రి తప్పలేదు. మరుసటేడు తానే అడిగి నాతో ప్రార్థనకు రావడం మొదలుపెట్టింది.

ఇప్పుడు రూతుకు పదో ఏడు. ఇక గంజి అక్కరలేదని డాక్టరమ్మగారు చెప్పిన రాత్రి, నమ్మలేక ఇద్దరం దాని పక్కనే కూర్చున్నాము. అది హాయిగా నిద్రపోయి, పొద్దున్నే లేచి, "జడ వెయ్యి నాయనమ్మా" అని వచ్చింది. మా అత్త దువ్వెన పట్టుకొని ఏడ్చింది.

సహోదరులారా, మీ ఇంట అటువంటి బిడ్డ ఉంటే పస్తు పెట్టకండి, సిగ్గుపడి దాచకండి, ఆసుపత్రికి తీసుకువెళ్లండి. భయంతో కూర్చున్న తల్లులారా, మీ భారం ఆయన మీద వేయండి. మీకు ఒళ్లు తెలియని రాత్రి ఆయన మీ కోసం ఎవరినో ఒకరిని లేపుతాడు. నమ్మండి.