నేను కొట్టిన రెండో షిఫ్టు సైరన్

మా అమ్మాయి మళ్లీ ఉద్యోగంలో చేరాలంటే, పగలంతా మనవరాలు అక్షరను నేనే చూసుకోవాలి. ఎదుగుదల లోపమున్న ఆ తొమ్మిదేళ్ల పిల్ల నన్ను చూస్తే గోడవైపు తిరిగేది. నేను గోదావరిఖని వచ్చి నలభై మూడు రోజులైనా, ఒక్కసారీ తనంతట తాను నా దగ్గరికి రాలేదు.

"మీరు పిలిచేదే పని చెప్పెతందుకు అమ్మమ్మా. మీ దగ్గరికొస్తే పాపకేం మజా?" అంది అక్షరకు నేర్పడానికి ఇంటికొచ్చే టీచరు.

కోపమొచ్చి మర్నాడు లెక్కపెట్టాను. మధ్యాహ్నానికే ముప్పై ఒక్కసార్లు పిలిచాను. అన్నీ పనులకే.

అక్షరకు గని సైరన్ అంటే ప్రాణం. వినగానే చప్పట్లు కొడుతుంది. అందుకని ఒంటిగంటా నలభైకి వరండాలో కూర్చుని, నోటితో పదకొండు సెకన్లపాటు అచ్చం అలాగే సైరన్ కొట్టాను.

పక్క క్వార్టర్ తలుపు దబ్బున తెరుచుకుంది. మూడింటికి మొదలయ్యే రెండో షిఫ్టుకు ముందు కునుకు తీస్తున్న గని కార్మికుడు రాజయ్య, లుంగీతోనే హెల్మెట్ పెట్టుకుని బండెక్కాడు. నన్ను చూసి ఆగాడు.

"సైరన్ నువ్వు కొట్టినవా అవ్వా? డ్యూటీ పోయిందనుకున్న."

క్షమించమని చెప్పబోతుంటే, ఒక చిన్న చెయ్యి నా గడ్డం పట్టి తనవైపు తిప్పుకుంది. అక్షర నా పెదాల మీద వేళ్లు పెట్టి ఎదురుచూస్తోంది.

రాజయ్య బండికి స్టాండు వేశాడు. "కొట్టు అవ్వా. నా నిద్రైతే ఎట్లైన పోయింది."

ఇంకా పదహారుసార్లు కొట్టాను. గొంతు పోయి రెండు రోజులు ఎవరికీ ఏ పనీ చెప్పలేకపోయాను. సోమవారం మా అమ్మాయి డ్యూటీలో చేరింది.

నాకు డెబ్భై ఒక్కేళ్లు. నా నోటి నుంచి ఇంకా వినాలని ఒకరు కోరుకోవడం, నాకు గుర్తున్నంతవరకు, అదే మొదటిసారి.