తల నొస్తుందని చెప్పడానికి రెండు ప్రయాణాలు

జోమ్‌సోమ్‌లో చిన్న విమానం దిగిన రోజే నాకు తేడా తెలిసింది. నేపాల్‌లో ముస్తాంగ్ కొండలకు వెళ్లేవాళ్లంతా ముందు దిగే చిన్న ఊరు అది. మధ్యాహ్నానికి కణతల దగ్గర నొప్పి మొదలైంది. పక్కనే ఉన్న టాషీకి చెప్పలేదు.

టాషీ సౌదీలోని దమ్మామ్‌లో తొమ్మిదేళ్లు నా రూమ్మేట్. ఇద్దరం కట్టడాల చుట్టూ పైపులతో పరంజా కట్టే స్కాఫోల్డింగ్ పనివాళ్లం. ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్లిపోయి, జోమ్‌సోమ్‌కు ఇంకా పైన కొండల్లో ఉన్న సొంతూళ్లో యాత్రికులకు లాడ్జి కట్టుకుంటున్నాడు. దాని ప్లాను శుక్రవారాలు మా రూములో కూర్చుని సిమెంటు సంచి కాగితం మీద ఇద్దరం గీసిందే. పై గదికి మొదటి దూలం నేనే ఎక్కించాలని మాట తీసుకున్నాడు.

జోమ్‌సోమ్‌లో రెండు రాత్రులు పడుకుని పోదామని టాషీ ఎంతో చెప్పాడు. నేనే వినలేదు. ఉన్న సెలవే మూడు వారాలు, నిర్మల్‌లో భార్యాపిల్లల దగ్గరికీ పోవాలి. పైగా రోజూ నలభై మీటర్ల ఎత్తున పైపుల మీద నిలబడేవాణ్ణి, ఎత్తు నన్నేం చేస్తుందని నా పొగరు! ఆ రోజే జీపెక్కాం.

అసలు జబ్బు అంతకంటే పాతది. సైటులో పొద్దున్నే సేఫ్టీ ఆఫీసరు ఎవరికైనా ఒంట్లో బాగలేదా అని అడుగుతాడు. అంతా బాగుందని అందరం ఒక్కసారే "కుల్లు తమామ్" అంటాం. బాగలేదన్నవాణ్ణి ఆ రోజు పైకి ఎక్కనివ్వరు మరి. పద్నాలుగేళ్లు జ్వరంలో కూడా ఆ మాటే అన్నాను. కొండ మీద టాషీ అడిగినప్పుడల్లా అదే అన్నాను.

మూడో రోజు పొద్దున బూటు లేసు కట్టుకోవడానికి వంగితే ఆయాసం ఆగలేదు. దగ్గితే గులాబీరంగు నురగ. టాషీ నన్ను వీపున వేసుకుని జీపు దాకా మోశాడు. కప్పు లేని ఆ లాడ్జి గోడలు వెనక్కి వెళ్లిపోతుంటే చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

జోమ్‌సోమ్ ఆసుపత్రిలో వేలికి క్లిప్పు పెడితే, తొంభై దగ్గర ఉండాల్సిన ఆక్సిజన్ సాచురేషన్ అరవై రెండు. దీన్ని హేప్ అంటారని, ఎత్తు వల్ల లంగ్స్‌లో నీరు చేరిందని, ఇంకో పూట పైనే ఉంటే దక్కేవాణ్ణి కాదని డాక్టరమ్మ హిందీలో గట్టిగా చీవాట్లు పెట్టింది. ఆక్సిజన్, నిఫెడిపిన్ ఇచ్చి మర్నాడు కిందికి పోఖరాకు పంపారు. టాషీ కింది అంతస్తు మాత్రం కప్పించి, పై గది నా కోసం అలాగే వదిలేశాడు.

దమ్మామ్ వచ్చాక కూడా మూడు వారాలు దగ్గు. ఎక్స్‌రే, ఈసీజీ, ఎకో అన్నీ తీశారు. ఇక ఆ దూలం నా చేతుల మీదుగా ఎక్కేది లేదనుకున్నాను. అక్కడి డాక్టరు గుంటూరాయన. రిపోర్టు చూసి, "మీ గుండె, లంగ్స్ శుభ్రంగా ఉన్నాయండీ. నోరే పనిచెయ్యలేదు," అన్నారు. మళ్లీ వెళ్లొచ్చా అని అడిగాను. మాత్ర రాసిస్తాను, నెమ్మదిగా ఎక్కండి, తల నొస్తే అక్కడే ఆగండి, తగ్గకపోతే దిగండి అన్నారు. ఫోనులో మా ఆవిడ మందు ఇంకా సులువుగా చెప్పింది: "పోతే పోండ్రి గని, తలకాయ నొస్తే నొస్తుందని చెప్పుండ్రి. సిగ్గేంది?"

ఈ ఏడాది ముందే అడిగి నెల సెలవు పెట్టుకున్నాను. జోమ్‌సోమ్‌లో రెండు రాత్రులు బుద్ధిగా పడుకున్నాను. మూడో రోజు జీపు సగం దూరం ఎక్కేసరికి మళ్లీ కణతలు. ఎలా ఉందని టాషీ అడిగాడు. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"తల నొస్తోంది, ఆపు," అన్నాను.

టాషీ కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. జీపు ఆపించి, దారిలో ఉన్న ఓ ఊళ్లోనే రెండు రాత్రులు ఉన్నాం. నొప్పి పూర్తిగా పోయింది.

తర్వాత లాడ్జి నిచ్చెన నా కాళ్ల మీద నేనే ఎక్కాను. ఒక కొస టాషీ, ఒక కొస నేను పట్టి దూలాన్ని గోడల మీద కూర్చోబెట్టాం. కింద ఊరు ఊరంతా కేకలు వేసింది. నేనూ వేశాను, ఊపిరి నిండా.

అక్కడికి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. జోమ్‌సోమ్‌లో ఆగండి, తల నొస్తే పక్కవాడికి చెప్పండి. ఇప్పుడు దమ్మామ్‌లో నా ఆరోగ్యం బాగుంది, మునుపటిలాగే పైపులెక్కుతున్నాను. మొన్నొకరోజు కళ్లు తిరుగుతున్నట్టుంటే పొద్దున సేఫ్టీ ఆఫీసరు ముందు చెయ్యెత్తాను. వెనక్కి తిరిగి చూస్తే ఇంకో రెండు చేతులు లేచి ఉన్నాయి.