సుభద్ర పైకి తెచ్చిన ఎర్ర గుడ్డ

తమిళ లెక్కలో ఐప్పసి నెల ఇరవై రెండో తేదీ, ఆదివారం, తమిళనాడులోని రాజపాళయం. సాయంత్రం పందిరి కింద ఉన్నవారు: నా తమ్ముడు వెంకటేశ రాజా, అతని భార్య అలమేలు, పురోహితుడు, మా బ్యాండేజీ గుడ్డ మిల్లులో పనిచేసే ఆడవాళ్లు కొందరు, తూత్తుకుడి నుంచి వచ్చిన పడవ మనిషి అంతోణి, నేను. ఇంట్లో ఏం జరిగినా తేదీ, వచ్చినవారి పేర్లు రాసుకోవడం నాకు అలవాటు. సుభద్ర పేరు లేకుండా ఇలా రాయడం ఇదే మొదలు.

నా తమ్ముడి ఒక్కగానొక్క కూతురు సుభద్ర శనివారం మధ్యాహ్నం మదురై ఆస్పత్రిలో డెంగీ జ్వరంతో చనిపోయింది. ఫోను వచ్చినప్పుడు నేను గోడ గడియారానికి కీ ఇస్తున్నాను. విన్నాను, ఫోను పెట్టేశాను, మిగిలిన కీ కూడా తిప్పాను. ఆ తరువాతే చొక్కా కోసం వెతికాను. పలకరించడానికి వచ్చిన ప్రతివారూ "సముద్రంలోనా?" అని అడిగారు. లేదు, జ్వరం అన్నాను. చెప్పీ చెప్పీ, ఎవరి గురించి చెబుతున్నానో నాకే తెలియనట్టు అయిపోయింది. ఇప్పటికీ అలాగే ఉంది.

ఆమెను ఎరగనివారి కోసం చెబుతాను. సుభద్ర వారంలో ఎక్కువ రోజులు మిల్లు చూసుకునేది. సెలవు దొరికితే తూత్తుకుడి వెళ్లి సముద్రంలో మునిగేది. వీపున గాలి సిలిండరు ఉండదు. పడవ అంచున కూర్చుని నిదానంగా ఒక్క ఊపిరి తీసుకుని, ఆ ఊపిరితోనే అడుగుకు పోయి, పని చేసి పైకి వచ్చేది. జాలర్లు పోగొట్టుకున్న నైలాన్ వలలు అడుగున పగడపు దిబ్బలను చుట్టేస్తాయి. వాటిలో చేపలూ తాబేళ్లూ చిక్కి చస్తాయి, పగడం వెలుగు లేక తెల్లబడుతుంది. అనుమతి తీసుకుని, కత్తెరతో ఆ వలలను ముక్కముక్కగా కోసి పైకి తేవడమే ఆమె పని.

ఈ విద్యకు మొదలు సముద్రం కాదు, సేత్తూరు దారిలో ఉన్న మా తోట బావి. మోటారు పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వుకు మామిడాకులు అడ్డం పడితే నీళ్లు ఎక్కవు. ఎవరో ఒకరు మునిగి తీయాలి. స్కూల్లో చదివే రోజుల నుంచే ఆ పని సుభద్ర తీసుకుంది. నేను గట్టున నిలబడి చేతి గడియారం చూసేవాణ్ణి. ఒకసారి ఎంతకీ రాకపోతే కేకలు వేశాను. ఆకులు పట్టుకుని తాపీగా తేలింది.

"ఏంది పెదనాయనా, ఊరంతా వినపడేటట్టు అరుస్తుండావు?"

"ఊపిరి ఆడలేదేమో అనుకున్నాను పాపా."

"నాకు ఆడింది. ఆడనిది నీకే," అని నవ్వింది. తరువాత, "ఊపిరి పట్టేది పెద్ద పని కాదు పెదనాయనా. లోపల తొందర పడకుండా ఉండేదే పని," అంది.

పెద్దయ్యాక శిక్షణకు వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకుంది. ఎంత లోతు పోగలరో చూసే పోటీలకు పిలిచారు. వెళ్లలేదు. "ఖాళీ చేతులతో పోయి ఖాళీ చేతులతో వచ్చేదానికి అంత దూరం ఎందుకు?" అంది. ఒంటరిగా మాత్రం ఎన్నడూ మునగలేదు. ఒకరు లోపల ఉంటే ఒకరు పైన కాపు ఉండాలన్నది ఆమె కట్టడి. పైన ఉండేది అంతోణి. ఒకప్పుడు శంఖాల కోసం మునిగినవాడు.

నా తమ్ముడు ఏ గుడ్డ చేతికి వచ్చినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్ది చూస్తాడు. అచ్చమైన నూలో, నైలాన్ కలిసినదో చెప్పేస్తాడు. కూతురికి చిన్నప్పుడే అది నేర్పాడు. కలక నీళ్లలో కళ్లకు ఏమీ కనపడనప్పుడు ఆ వేళ్లతోనే వలనూ పగడాన్నీ వేరుచేసేదాన్నని నాతో అంది. విరిగిన పగడపు కొమ్మలను మళ్లీ రాతికి కట్టడానికి నైలాన్ వాడనని పట్టుపట్టి, మా మిల్లు నూలునే పేనింది. పగడం రాతిని పట్టుకునేదాకా ఆగాలి, ఆ తరువాత నూలు కుళ్లిపోవాలి. మేడ మీద వరసగా ఉప్పునీళ్ల గిన్నెలు పెట్టి నూలు నానబెట్టేది.

"మనుషులకు కట్లు కట్టేది చాలలేదా? చేపలకు కూడా మొదలుపెట్టినావా?" అనేవాడు నా తమ్ముడు.

"చేపలు బాకీ పెట్టవు నాయనా," అనేది.

తండ్రీ కూతుళ్లు ఒకరి మీద ఒకరు నిజంగా కోపగించుకున్నది ఒక్కసారే. మా అమ్మ అస్థికలు కలపడానికి తూత్తుకుడి వెళ్లాం. కుండ మూతికి ఎర్ర గుడ్డ కట్టి పడవ మీద నుంచి సముద్రంలో వదిలాం. పురోహితుడు మంత్రం ముగించేలోపు సుభద్ర చుడీదార్‌తోనే దూకింది. కాసేపటికి ఆ ఎర్ర గుడ్డ పట్టుకుని పైకి వచ్చింది. తమ్ముడి ముఖం మాడిపోయింది.

"వదిలినదాన్ని తిరిగి తెస్తారా?"

"అవ్వను తేలేదు నాయనా. గుడ్డను తెచ్చినాను. ఇది కుళ్లదు. పోయి దిబ్బకు చుట్టుకుంటుంది."

కొన్నాళ్లు ఆమె వడ్డిస్తే తిన్నాడుగాని మాట్లాడలేదు. తరువాత మాటలు కలిశాయి. ఆ గుడ్డ సంగతిలో మాత్రం ఇద్దరూ తగ్గలేదు.

అందుకే ఆదివారం సాయంత్రం, సుభద్ర దహనం ముగించి వచ్చాక, పందిరి కింద నేనే కదిపాను. "రేపు అస్థికల కుండకు గుడ్డ వద్దంటే ఏం?" అన్నాను.

"దానికి పెళ్లి చేయలేదు నేను," అన్నాడు తమ్ముడు. "చేయగలిగింది ఇది ఒక్కటే. కొరత లేకుండా చేస్తాను అన్నా. నువ్వు అడ్డం రావద్దు."

అంతోణి తల వంచుకుని తమిళంలో అన్నాడు: "అక్క ఉంటే ఈసారీ దూకేసేది."

"ఇప్పుడు దూకేదానికి ఎవరుండారు?" అన్నాడు తమ్ముడు. అలమేలు లేచి లోపలికి వెళ్లింది.

మరునాడు ఉదయం అస్థికలు ఏరాం. పురోహితుడు అంగడి నుంచి తెచ్చిన ఎర్ర గుడ్డను కుండ మూతికి కట్టి, మెడకు పూలమాల వేశాడు. దారంతా తమ్ముడు కుండను ఒళ్లోనే పెట్టుకున్నాడు. తూత్తుకుడిలో అంతోణి పడవ ఎక్కాం. నీళ్లు కదలకుండా ఉన్నాయి. నాకు ఏడుపు రాలేదు. అంతోణి ఇంజను ఆపాడు.

"వదలండి," అన్నాడు పురోహితుడు.

తమ్ముడు కుండను అంచు దాకా తీసుకుపోయి ఆగాడు. అతని బొటనవేలు గుడ్డ కొసను రుద్దుతోంది. కావాలని కాదు, ఆ వేళ్లకు అలవాటు. ఒకసారి రుద్దాడు, మళ్లీ రుద్దాడు.

"ఇది నూలు కాదే," అన్నాడు.

"ఇప్పుడు అంగళ్లలో ఇదే ఇస్తారు రాజా," అన్నాడు పురోహితుడు.

"నూలు మిల్లు నాది. నా బిడ్డకు ఇది కట్టినానా?"

కుండను మళ్లీ ఒళ్లోకి తీసుకుని ముడి విప్పాడు. గుడ్డను మిల్లులో మడిచినట్టు అంచుకు అంచు కలిపి మడిచి, పంచె నడుముకు దోపుకున్నాడు. మాలను కూడా తీసి దారం పట్టి చూశాడు. అదీ నైలాన్. ఒక్కొక్క పువ్వే తుంచి నీళ్ల మీద వేయసాగాడు. నేనొక కొస పట్టుకున్నాను. అలమేలు పట్టుకుంది, పురోహితుడూ పట్టుకున్నాడు. చాలాసేపు పట్టింది. ఎవరూ తొందర పడలేదు.

ఆ తరువాత తమ్ముడు అస్థికలను చేతితోనే నీళ్లలో కలిపాడు. కుండ మట్టిది, దాన్ని వదిలేశాడు. అది మునిగినచోట అంతోణి చాలాసేపు చూస్తూ ఉన్నాడు, పైన కాపు ఉన్నట్టే. చివరికి ఇంజను వేశాడు.

ఆ నీళ్లలోకి ఒక్క ఊపిరితో దిగి, మనం పారేసినదాన్ని పైకి తెచ్చే మనిషి మా ఇంట్లో ఇక లేదు. మళ్లీ పుడుతుందనీ అనుకోను. ఒడ్డుకు వస్తుంటే తమ్ముడు ఆ మాల దారాన్ని ఉండగా చుట్టి నా అరచేతిలో పెట్టాడు.

"పట్టుకో అన్నా. జారిపోనీయవద్దు," అన్నాడు.