సారీ మాస్టారు

ఆ ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పెద్దాయన దగ్గర "సారీ" అని ఊరికే తప్పించుకున్నవాళ్లు లేరు. ఎవరన్నా సరే, కళ్లజోడు పైకి నెట్టుకుని, "ఎక్కడ నొప్పి?" అనేవాడు.

ఒకసారి బైండరు ఆయన కాలు తొక్కి, నోరు జారి సారీ అన్నాడు.

"ఎక్కడ నొప్పి?"

"నాకేం నొప్పి మాస్టారూ, తొక్కింది నేను కదా."

"మరి నేననాల్సిన మాట నువ్వంటావేం? పాత ఇంగ్లీషులో నొప్పి అనే మాటలోంచి పుట్టింది సారీ. మనసు నొచ్చుకుంటేనే అనాలి," అని కుంటుతూనే పావుగంట చెప్పాడు. ఆనాటి నుంచి బైండరు ఆయన్ని చూస్తే గోడవారగా నడిచేవాడు.

మాస్టారి పక్కన కొత్తగా ఒకావిడ చేరింది. ఆయన రాతప్రతి పైకి చదవాలి, ఆవిడ వింటూ అచ్చుకాగితంలో తప్పులు పట్టాలి. వారంలోనే ఆవిడకి ప్రాణం విసిగింది. నిమిషానికోసారి ఆవిడ "సారీ?" అనడం, ఆయన "ఎక్కడ నొప్పి?" అనడం. ఈలోగా వంటల పుస్తకంలో చిటికెడు ఉప్పు కాస్తా పిడికెడు ఉప్పయి అచ్చయిపోయింది.

మేనేజరు ఆ పుస్తకం పట్టుకుని వచ్చాడు. ఈ ఉద్యోగం పోతే ఆవిడకి ఇల్లు గడవదు.

"సారీ అండీ," అంది.

మాస్టారు ఈసారి ఏమీ అడగలేదు. "తప్పు నాదండీ. కొత్తగా పళ్లు కట్టించుకున్నాను. కుదరక మాటలు నమిలేస్తున్నాను," అన్నాడు.

మేనేజరు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

"మీవి కట్టుడు పళ్లా?" అందావిడ.

"కాదు. నీ సారీ చివర ఎప్పుడూ ప్రశ్న ఉంటుందమ్మా. మళ్లీ చెప్పమని. నా వైపు చెవేనా?"

"ఎడమది. చిన్నప్పటి నుంచీ వినపడదు. చెప్తే ఉద్యోగం ఇవ్వరేమోనని..."

ఆయన కిటికీ పక్కనుంచి తన కుర్చీ, లావుపాటి నిఘంటువులూ మోసుకొచ్చి, గాలి ఆడని బీరువా మూల, ఆవిడ కుడిపక్కన సర్దుకున్నాడు. తప్పులు తగ్గిపోయాయి.

చిక్కల్లా పళ్లతోనే వచ్చింది. మేనేజరు రోజూ వాళ్లతోనే భోంచేస్తాడు. పాపం మాస్టారు నెల్లాళ్లపాటు బిస్కెట్లు టీలో నానబెట్టుకుని తిన్నాడు.

"ఇంకా కుదరలేదా?" అని మేనేజరు జాలిపడేవాడు.

"మెల్లగా కుదురుతాయండీ."

ఒక మధ్యాహ్నం మేనేజరు కిందికి దిగగానే ఆవిడ సొరుగులోంచి వేయించిన పల్లీల పొట్లం తీసి ఆయన ముందుకి జరిపింది. మాస్టారు కరకరలాడిస్తుంటే, మెట్లమీద చెప్పుల చప్పుడు ముందు విన్నది ఆవిడే.

"మింగేయండి మాస్టారూ," అంది.