ఆమెన్ తర్వాత అర చుట్టు

మా పొందూరు పిండి మరలో కొత్త యంత్రం దిగిన రోజు, వీధంతా వినపడాలనే దాన్ని నడిపాను. మా నాన్న నాటి రాతి మర గంటసేపు చేసే పని ఇది పది నిమిషాల్లో చేసి పడేస్తుంది. బియ్యం పోయగానే పైనున్న రేకు తొట్టి గణగణా మోగింది, నేల అదిరింది, పైకప్పు రేకులు తమ వంతు అందుకున్నాయి. నాకు ఛాతీ ఉప్పొంగిపోయింది. అంత చప్పుడు చేసే మర చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు.

మూడో రోజు పొద్దున్న అత్త వచ్చి గుమ్మంలో నిలబడింది. అత్త అంటే చుట్టరికం ఏమీ లేదు. మరకూ ఆవిడ ఇంటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ, ఆ గోడే మా చుట్టరికం. అమ్మా నాన్నా మరలో పిండి కొట్టుకుంటూ ఉంటే నేను పెరిగింది ఆవిడ రాట్నం వెనకే. ఆకలేస్తే ఆవిడ వండిన అన్నం తిన్నాను, వడకడానికి చుట్టిన దూది ఏకులు చిందరవందర చేస్తే ఆవిడ చేతి దెబ్బలూ తిన్నాను. డెబ్భై దాటినా ఇప్పటికీ వాలుగ చేప దవడ పళ్ళతో పత్తి దువ్వి, కంటికి ఆనీ ఆననంత సన్నటి నూలు వడుకుతుంది.

చేతిలో ఉన్న తెగిన దారాల ఉండని నా బల్ల మీద పెట్టింది.

"ఇదేటత్తా?"

"నీ మర తిన్న నూలు. నిన్నంతా తెగడవే. పీట ఊగతన్నాది, కదురు వణుకుతన్నాది. నాను వడకాలా, అతుకులేసుకుంటా కూకోవాలా?"

"కొత్తది కదత్తా. నాలుగు రోజులు పోతే సర్దుకుంటాది."

"ఆదివారం దాకా సూస్తాను. అప్పుటికీ ఇలాగే ఉంటే రాట్నం ఎత్తుకుని కోటబొమ్మాళి మా సెల్లి దగ్గరికి ఎల్లిపోతాను. ఇంక రాను."

ఆవిడ ఊరికే బెదిరించే మనిషి కాదు. నాకు నిజంగా భయం వేసింది. మా నాన్న పోయాక ఈ వీధిలో నన్ను ఒరే అని పిలిచేది ఆవిడొక్కర్తే. కొత్త యంత్రం తెచ్చుకున్న సంబరంలో ఆవిణ్ణి నేనే తరిమేస్తున్నాను.

విజయనగరంలో కార్లకు హంగులు చేసే షాపులో మా అక్క మొగుడు పనిచేస్తాడు. కారు తలుపుల లోపల ఏవో నల్లటి షీట్లు అతికించి చప్పుడు తగ్గిస్తాడని అక్క గొప్పలు చెప్పేది. నేను అంతవరకు నమ్మలేదు. ఇప్పుడు ఫోన్ చేసి బావా బావా అని బతిమాలాను. రెండో రోజే చంకలో షీట్ల చుట్ట పెట్టుకుని దిగాడు. మర ఆన్ చేసి చూపించాను. చెవులు మూసుకున్నాడు.

"ఇది మరేటిరా, రైలింజనులాగుంది."

యంత్రం ఆపించి తొట్టిని వేలితో కొట్టాడు. టంగుమంది. దాని మీద జిగట షీటు అతికించి, ఆ పైన పల్చటి అల్యూమినియం రేకు నొక్కి మళ్ళీ కొట్టాడు. ఈసారి టప్పుమని ఊరుకుంది. నేను నమ్మలేక నాలుగైదు సార్లు కొట్టి చూశాను.

"రేకు, మధ్యన మెత్తనిది, మళ్ళీ రేకు. అంతే," అన్నాడు బావ. "బయట రేకులు రెండూ ఊగుదామని సూస్తాయి. మధ్యలోది నలిగి నలిగి ఆ ఊపంతా మింగేస్తాది. మెత్తనిదాన్ని మెత్తగా ఉండనిస్తే సాలు."

యంత్రం కిందా ఇదే వరస. ఇనప పలక, లావుపాటి రబ్బరు, చెక్క, మళ్ళీ రబ్బరు, కింద మరో పలక. నాలుగు మూలలా బోల్టులు, వాటి తలల కింద రబ్బరు బిళ్ళలు. నట్లు కూడా కొత్త రకం తెచ్చాడు. లోపల ప్లాస్టిక్ కట్టు ఉంటుందట, ఎంత ఊగినా వదులవ్వవట. వాటి సంగతి మర్చిపొమ్మని చెప్పి బస్సెక్కాడు.

ఆ ఆదివారం అత్త పెట్టె సర్దలేదు. సోమవారం నూలు తెగలేదు. నేను బజారులో బావ గురించి గొప్పలు చెప్పుకుంటూ తిరిగాను. బుధవారానికి గోడ సన్నగా జలదరించడం మొదలెట్టింది. శుక్రవారానికి అత్త మళ్ళీ తెగిన దారాల ఉండ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

నాకు తిక్క రేగింది. ముందు రబ్బరును తిట్టాను, తర్వాత బావను ఫోన్లో తిట్టాను, ఆ పైన కరెంటును తిట్టాను. ఇంకెవరూ మిగలక, అత్త రాట్నమే పాతబడిపోయిందేమోనని గోడకు ఇవతల నుంచి అన్నాను. అనకుండా ఉండాల్సింది. కాసేపటికి అవతల రేకు పెట్టె లాగుతున్న చప్పుడు వినబడింది.

మర్నాడు పొద్దున్నే అత్త చెప్పి వెళ్దామని వచ్చేసరికి నేను యంత్రం ముందు ప్రార్థనలో ఉన్నాను. మాది చర్చి కుటుంబం. మర తిప్పే ముందు మా నాన్న రోజూ చిన్న ప్రార్థన చేసేవాడు. ఆమెన్ అనగానే గోడ మేకుకు తగిలించిన స్పానరు తీసి నాలుగు బోల్టులకూ తలో అర చుట్టు బిగించేవాడు. పాత మర రోజంతా ఊగి నట్లను వదులు చేసేది కాబట్టి ఆ అర చుట్టు అవసరమే. మొదటిదే ప్రార్థనో, రెండోది కూడా ప్రార్థనలో భాగమో చిన్నప్పుడు నాకు తెలిసేది కాదు. ఇప్పటికీ రెండూ కలిపే చేస్తాను.

అత్త చెప్పులు విడిచి, ఆమెన్ అయ్యేదాకా తల వంచుకుని నిలబడింది. నేను స్పానరు అందుకున్నాను.

"ఏటి సేస్తన్నావురా?"

"బోల్టులత్తా. మా నాయిన కాడ్నించీ ఉన్నదే కదా."

"మీ బావ ఎల్లిన కాడ్నించీ రోజూ బిగిస్తన్నావా?"

"అర సుట్టే కదత్తా."

ఆవిడ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుంది. బోల్టు తల కింద వేలు పెట్టబోయింది. వేలు కాదు కదా, గోరు కూడా దూరలేదు. రబ్బరు బిళ్ళలు అప్పడాల్లా నలిగి అంచుల్లోంచి బయటికి తన్నుకొచ్చాయి. ఇనుము ఇనుమును పట్టుకుంది. వదులు కాని నట్లను నేను రోజూ అర చుట్టు చొప్పున బిగించి, బావ పెట్టిన మెత్తదనాన్నంతా పిండేశాను.

అత్త నడుం దగ్గర సంచిలోంచి ఏకు తీసి, వేళ్ళతో చిన్న పోగు లాగి మెలి పెట్టింది.

"ఇంత మెలి ఇస్తే నూలు," అంది. ఇంకా మెలి పెట్టింది. పోగు ముడుచుకుని ఉండ చుట్టుకుని పుటుక్కున తెగింది. "మంచిది కదాని ఇస్తానే ఉంటే ఇదవుతాది. బోల్టులు ఇప్పు, బేగి."

బావకు ఫోన్ చేసి, తిట్టినందుకు ముందు క్షమించమన్నాను. అతను చెప్పినట్టు నాలుగు బోల్టులూ వదులు చేసి, పాడైన బిళ్ళలు మార్చి మర ఆన్ చేశాను. అత్త గోడకు అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. నేను ఆవిడ మొహమే చూస్తూ నిలబడ్డాను. చివరికి చెయ్యి తీసి, నా చేతిలోని స్పానరు లాక్కుని కొంగున చుట్టుకుంది.

"ఇది నా కాడుంటాది. పార్దన నువ్వు సేసుకో."

ఇప్పుడు మర చప్పుడు వీధి మొగదాకా పోదు. గిన్నెలు పట్టుకొచ్చిన ఆడవాళ్ళు కరెంటు లేదనుకుని వెనక్కి తిరుగుతారు. అప్పుడు గోడ అవతలి నుంచి "ఆడతన్నాది, ఎల్లండి" అని అత్త కేకేస్తుంది. మరకు పోయిన గొంతు ఆవిడకు వచ్చినట్టుంది.

నా చెయ్యి మాత్రం మారలేదు. ఆమెన్ అనగానే మేకు మీదికి పోతుంది. అక్కడ స్పానరు లేదు, కొబ్బరి తాడు ముక్క వేలాడుతూ ఉంటుంది. కోటబొమ్మాళి వెళ్దామని ఆవిడ పెట్టెకు కట్టిన తాడు అది. ఆ సాయంత్రం విప్పేసి ఆవిడే తెచ్చి తగిలించింది.

"సెయ్యి ఊరుకోకపోతే దీన్ని లాక్కోరా," అంది.