అప్పలరాజు చొక్కా విప్పిన రోజు

2023. అనకాపల్లి జిల్లా అయిన మరుసటి వేసవి. ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్‌లో సర్జన్‌గా పనిచేస్తున్నాను. బోర్డు మీద పేరు వేరొకరిది. మాడుగుల వైపు ఒకప్పటి మా జమీందారీ కోటకు గేటు ఒక్కటే మిగిలింది, అదీ ఇప్పుడు మాది కాదు. ఆ ఇంటి నుంచి నాకు దక్కింది నిటారుగా కూర్చునే అలవాటు. అందుకే ఎవరైనా వంగి నడిస్తే నా చూపు ముందు అక్కడికే పోతుంది.

అప్పలరాజు అలా వంగే లోపలికి వచ్చాడు. బుచ్చయ్యపేట వైపు చెరుకు రైతుల కుర్రాడు, పాతికేళ్లుంటాయి. అంత ఎండలోనూ రెండు బనియన్ల మీద చొక్కా. వెంట బావ రమణ.

"ఏమిటి ఇబ్బంది?" అన్నాను. బావే చెప్పాడు.

"మాఘంలో పెళ్లండి. ఈడు వద్దంటన్నాడు. పిల్ల నచ్చలేదేటంటే నచ్చిందంటాడు. నలుగుకి ఆడోళ్లందరి ముందూ సొక్కా ఇప్పాలి గదండీ, అదీ ఈడి బయం!"

చొక్కా తీయించి చూశాను. బాగా బరువు తగ్గిన మనిషి. పక్కటెముకలు కనబడుతున్నాయి, రొమ్ములు మాత్రం ఉబ్బెత్తుగానే ఉన్నాయి.

"ఇంకా సన్నబడితే పోతాయనుకున్నానండి. రాత్రి అన్నం మానేసేను. బెల్లం ముట్టడం లేదు."

"బెల్లం వండే ఇంట్లో పుట్టి!" అన్నాడు బావ. "పెనం కాడ మూతి ముడుసుకుని నిలబడతాడండి."

దీన్ని గైనకోమాస్టియా అంటారు, మగవారి రొమ్ములో గ్రంథి పెరగడం. వేళ్లతో పట్టుకుంటే కొవ్వు మెత్తగా జారుతుంది. గ్రంథి చనుమొన కింద బిళ్లలా గట్టిగా తగులుతుంది. ఎంత కడుపు మాడ్చుకున్నా అది కరగదు.

"నువ్వు చేయాల్సింది చేశావు. మిగిలింది నా పని. ముందు రాత్రి అన్నం తిను," అన్నాను.

"బెల్లం?"

"అదీ కాస్త తిను."

"డాట్రుబాబూ, ఈ మాట ఈడమ్మకి, మా అత్తకి సెప్పండి, మీకు దణ్ణం ఎట్టేత్తాది!" అన్నాడు బావ.

హార్మోన్ పరీక్షల్లో, స్కాన్‌లో వేరే జబ్బేమీ కనబడలేదు. బరువు నిలకడగా ఉందని తేలాక, దసరా వెళ్లాక ఆపరేషన్ చేశాను. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయం అంచున చిన్న కోత పెట్టి గ్రంథిని తీశాను. మిగిలిన కొవ్వును లైపోసక్షన్‌తో, అంటే సన్నటి గొట్టంతో, లాగేశాను. ఇందులో అత్యాశ పనికిరాదు. మొత్తం ఊడ్చేస్తే చనుమొన గుంటపడుతుంది కనుక అడుగున పల్చటి పొర వదిలాను.

కట్లు విప్పాక అద్దంలో చూసుకుని నవ్వాడు. నవ్వుతూ కూడా వంగే నిలబడ్డాడు! చిన్నప్పుడు తాతగారు నన్ను నిలబెట్టినట్టే, మడమలూ భుజాలూ తలా గోడకు ఆనించి నిలబెట్టాను. ఛాతీని బిగించి ఉంచే ప్రెషర్ వెస్ట్ వేసుకున్నన్నాళ్లూ రోజూ అలా నిలబడమన్నాను.

రోగుల ఇళ్ల పెళ్లిళ్లకు నేను వెళ్లను. మాఘంలో బావ బైకేసుకొచ్చాడు.

"మిమ్మల్ని తేకపోతే మా అత్త నన్ను గుమ్మం ఎక్కనివ్వదండి."

వెళ్లాను.

పందిట్లో పీట మీద అప్పలరాజు. ఒంటిమీద పంచె ఒక్కటే, వీపు తిన్నగా ఉంది. నలుగు రాస్తున్న మేనత్త చెయ్యి ఆగింది.

"ఈ గీత ఏట్రా?"

భయం నాకు వేసింది.

"రొమ్ములకి ఆపరేసను సేయించుకున్నానత్తా. అదిగో, డాట్రుగారు!"

"ముందే సెప్తే నేనే తీసుకొద్దును గదరా ఎర్రినాయనా!" అంటూ ఆవిడ అతని గుండెల నిండా పసుపు పులిమింది. పందిరంతా నవ్వు.

ఆపరేషన్ ఫలితం కుట్లు మానాక తేలుతుందని అంతవరకు అనుకునేవాణ్ని. అది తేలేది రోగి భయం లేకుండా చొక్కా విప్పిన రోజని ఆ పందిట్లో తెలిసింది. తల్లి అతని నోట్లో బెల్లం ముక్క పెట్టి, రెండోది నా చేతిలో పెట్టింది. కూర్చోమనేదాకా ఆగకుండా, నిలబడే తిన్నాను.